చెట్టు నీళ్లెలా తోడుతుంది, తిండెలా పంచుతుంది: వంటింట్లో, తోటలో మీరే చూసే పద్ధతి

పొదలకూరు చుట్టుపక్కల మెట్ట తోటల్లో బోర్లు రాకముందు ఎండాకాలం వచ్చిందంటే ఒక పని తప్పేది కాదు. బావిలో నీళ్లు దిగే కొద్దీ మోటారును కూడా తాళ్లు కట్టి కిందికి దించి, బావి లోపలి గట్టు మీద బిగించేవాళ్లు. పైనుంచే లాగొచ్చు కదా అంటే లాగదు. పైనున్న మోటారు ఏడెనిమిది మీటర్ల లోతు నుంచి నీళ్లు తీస్తే గొప్ప. ఎంత పెద్ద హెచ్‌పీ మోటారు తెచ్చినా 10 మీటర్ల పైచిలుకు దాటి లాగడం కుదరదు, ఎందుకంటే నీళ్లను పైపులోకి నెట్టేది బయటి గాలి బరువే, దాని శక్తి అంతవరకే. పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వ్ కాస్త లీకయిందా, అది కూడా ఉండదు. "ఎయిర్ పట్టింది" అంటూ బకెట్లతో నీళ్లు పోసి, పైపు నింపి, మళ్లీ స్టార్టర్ నొక్కాలి.

అదే బావి గట్టున తాటిచెట్టు ఉంటుంది. 20 మీటర్లు, అంతకన్నా ఎక్కువ కూడా. మే నెల ఎండలో దాని మట్టలు పచ్చగానే ఉంటాయి. కరెంటు లేదు, ఫుట్‌వాల్వ్ లేదు. మరి అంతెత్తుకు నీళ్లు ఎలా ఎక్కుతున్నాయి?

బడిలో చెప్పిన జవాబు చాలామందికి గుర్తుండదు. నాకూ ఉండేది కాదు. నిమ్మతోట చూసుకోవడం మొదలుపెట్టాక, తప్పులు చేసి నష్టపోయాక, ఒక్కొక్కటే చేసి చూసుకుంటూ తెలుసుకున్నాను. ఆ వరుసలోనే మీకూ చెబుతాను. ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి: చెట్టులో రెండు రకాల గొట్టాలున్నాయి. ఒకదాంట్లో నీళ్లను పైనుంచి ఆకు లాగుతుంది. రెండోదాంట్లో తిండిని ఒత్తిడి నెడుతుంది. మొదటివి చచ్చిన కణాలు, ఉత్త గొట్టాలు; పాఠాల్లో దారువు అంటారు. రెండోవి బతికున్నవి; పోషక కణజాలం అంటారు. నీరెక్కువైనా, ఎరువు తప్పినా, ఆకు పండినా కారణం ఈ రెండింటిలో ఎక్కడో దొరుకుతుంది.

మొదటి పని: తోటకూర కాడలో నీటి దారి చూడటం

వేళ్లతో సహా అమ్మే తోటకూర కట్ట కొనండి. ఎర్ర తోటకూర వద్దు, కాడ పాలిపోయినట్టు లేత ఆకుపచ్చగా ఉండాలి. గ్లాసులో రెండంగుళాల నీళ్లు పోసి, స్వీట్లలో వేసే ఎర్ర రంగు గానీ నీలం రంగు గానీ అర చెంచా కలపండి. రంగు చిక్కగా ఉండాలి.

అసలు కిటుకు కాడను కోయడంలో ఉంది. ఒక గిన్నెలో నీళ్లు పెట్టి, కాడ మొదలును ఆ నీళ్లలో ముంచి, నీళ్ల లోపలే కత్తితో ఏటవాలుగా కోయండి. వెంటనే రంగు గ్లాసులోకి మార్చండి. గాలిలో కోస్తే ఏమవుతుంది? లోపల నీళ్లు బిగదీసిన తాడులా ఉంటాయి. కోసిన క్షణంలో ఆ తాడు పైకి జారి, ఖాళీ అయిన చోటికి గాలి దూరుతుంది. మన మోటారు భాషలో చెప్పాలంటే ఎయిర్ పడుతుంది. పూలమ్మే దగ్గర తెచ్చిన లిల్లీ కాడలు ఇంట్లో గంటకే తల వాల్చేయడానికి ఒక కారణం ఇదే. కాడను నీళ్లలో ముంచి ఒక అంగుళం కోసేస్తే చాలాసార్లు తేరుకుంటాయి.

రెండు గ్లాసులు పెట్టండి. ఒక కాడను ఆకులతో అలాగే ఫ్యాన్ గాలికి ఉంచండి. రెండోదానికి ఆకులన్నీ తుంచేయండి. రెండు మూడు గంటల తర్వాత రెండు కాడలనూ ఒకే ఎత్తులో అడ్డంగా కోసి చూడండి. ఆకులున్న కాడలో గుండుసూది మొనలంత రంగు చుక్కలు కనిపిస్తాయి, చుక్కల మధ్య కండ తెల్లగానే ఉంటుంది. నిలువుగా చీల్చితే ఆ చుక్కలే గీతలవుతాయి. అవే నీటి గొట్టాలు. ఆకులు తుంచిన కాడలో రంగు బాగా వెనకబడి ఉంటుంది. కాడ అదే, నీళ్లు అవే, తేడా ఆకు ఒక్కటే.

ఓపికుంటే తెల్ల చామంతినో లిల్లీనో రాత్రంతా రంగు నీళ్లలో ఉంచండి. తెల్లారేసరికి రెక్కల అంచులకు రంగు పట్టి, సన్నటి ఈనెలు గీసినట్టు కనిపిస్తాయి. పిల్లలకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

నేను మొదటిసారి రంగు కొనడం ఎందుకని పసుపు నీళ్లతో చేశాను. తెల్లవార్లూ ఉంచినా కాడలో ఒక్క గీత పడలేదు, గ్లాసు అడుగున మాత్రం పసుపు ముద్దయింది. పసుపు నీళ్లలో కరగదు, నలుసులుగా తేలుతుంది, నలుసులు గొట్టాల్లో సాఫీగా నడవవు. ఎరువు విషయంలోనూ చెట్టుది ఇదే పద్ధతి. కరిగిందే లోపలికి పోతుంది. పొడి నేల మీద యూరియా చల్లి నీళ్లు పెట్టకపోతే వేరుకు అందేది ఏమీ లేదు.

రెండో పని: ఆకు లాగుడు ఎంతో కొలవడం

తోటలో పొద్దున పది గంటలకు, బాగా ఎండ తగిలే నిమ్మ కొమ్మ ఒకటి, చెట్టు నీడలో ఉన్న కొమ్మ ఒకటి ఎంచుకోండి. రెండింటికీ దాదాపు సమానంగా ఆకులుండేలా చూసి, పల్చటి పాలిథిన్ కవర్లు తొడిగి మూతి గట్టిగా కట్టండి. రెండు గంటలు చాలు. అంతకుమించి ఉంచితే ఎండలో ఉన్న కవర్‌లో ఆకు ఉడికిపోతుంది. విప్పే ముందు కవర్‌ను ఒక మూలకు వంచితే నీళ్లన్నీ అక్కడ చేరతాయి. దగ్గు మందు సీసా మూతతో కొలవండి, దాని మీద ఎంఎల్ గీతలుంటాయి. ఎండ కొమ్మది, నీడ కొమ్మది పక్కపక్కన రాసుకోండి.

ఈ నీరంతా ఆకు అడుగున ఉండే పత్రరంధ్రాల నుంచి ఆవిరైనదే. దీన్నే బాష్పోత్సేకం అంటారు. వేరు తాగిన నీళ్లలో నూటికి 95 పాళ్లకు పైగా ఇలా గాల్లో కలిసిపోయేదే. చెట్టు తనకోసం ఉంచుకునేది చాలా తక్కువ. ఇంత వృథా ఎందుకని అనిపిస్తుంది గానీ, తిండి తయారీకి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలంటే ఆ తలుపులు తెరవాల్సిందే. తలుపు తెరిస్తే నీరు పోతుంది. మన బ్రహ్మజెముడు, కలబంద మాత్రం తెలివిగా పగలు మూసి రాత్రి తెరుస్తాయి.

ఆ తలుపులను చూడాలంటే మందార ఆకు అడుగున రంగులేని నెయిల్ పాలిష్ పల్చగా రాసి, బాగా ఆరాక సెల్లో టేపు అంటించి పీకండి. ఆ టేపును గాజు పలక మీద అంటించి బడిలోని మైక్రోస్కోప్ కింద పెడితే, చిన్న చిన్న పెదవుల జతల్లా కనిపిస్తాయి.

ఇప్పుడు తాటిచెట్టు లెక్కకు వద్దాం. ఆకులో కణాల గోడల మీద నుంచి నీరు ఆవిరైనప్పుడల్లా ఆ ఖాళీని పూడ్చుకోవడానికి వెనకున్న నీరు ముందుకు జరుగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. అందుకే పైన ఒకటి కదిలితే చేంతాడు లాగినట్టు వేరు దాకా మొత్తం కదులుతుంది. మోటారు చేసే పని వేరు: అది పైపులో గాలి తీస్తుంది, బయటి గాలి నీళ్లను నెడుతుంది. చెట్టు గాలిని నమ్ముకోలేదు, నీటినే తాడు చేసుకుని లాగుతోంది. అందుకే 10 మీటర్ల హద్దు దానికి లేదు. ఈ మాటను 1894లో డిక్సన్, జోలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారు. మన జగదీశ్ చంద్ర బోస్ మాత్రం బతికున్న కణాలు గుండెలా కొట్టుకుంటూ నీటిని ఎక్కిస్తాయని 1923లో వాదించారు. ఆయన మీద ఎంత గౌరవమున్నా ఆ వాదన నిలవలేదు. అంతకు ముందే జర్మనీలో స్ట్రాస్‌బర్గర్ నరికిన చెట్టును విషం కలిపిన నీళ్లలో నిలబెట్టి చూశాడు. దారిలో కణాలన్నీ చచ్చినా నీరు పైకెక్కుతూనే ఉంది.

దీంతో తోటలో ఒక నిర్ణయం మారుతుంది. మధ్యాహ్నం రెండింటికి సొరపాదు, గుమ్మడి ఆకులు వాలిపోతే వెంటనే నీళ్లు పెట్టేస్తాం. తొందరపడకండి. ఆ వేళకు ఆకు లాగినంత వేగంగా వేరు అందించలేక వాలుతుంది, సాయంత్రానికి లేస్తుంది. తెల్లవారుజామున పోయి చూడండి. అప్పటికీ వాలే ఉంటే అది నిజమైన దాహం.

మూడో పని: వేరు దగ్గర ఏం జరుగుతుందో మాగాయ జాడీలో చూడటం

మామిడికాయ చెక్కు తీసి ముక్కలు కోసి, ఉప్పు, పసుపు కలిపి మూడు రోజులు జాడీలో పెడతాం. ఒక్క చుక్క నీళ్లు పోయకపోయినా మూడో రోజుకు ముక్కలు ఊటలో మునుగుతాయి. ఆ ఊట ముక్కలోదే. బయట ఉప్పు ఎక్కువైతే లోపలి నీరు బయటికి వచ్చేస్తుంది. ద్రవాభిసరణం అంటే ఇదే.

వేరులో జరిగేది దీనికి తలకిందులు. మట్టి నీళ్లకన్నా వేరు కణాల్లో లవణాలు ఎక్కువ, అందుకే నీరు లోపలికి వస్తుంది. మట్టిలో ఉప్పు పెరిగితే మళ్లీ మాగాయ కథే. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పునీటి బోరుతో తడిపిన చేను తడిగా ఉండగానే వాడిపోవడం ఇందువల్లే. మూడేళ్ల నిమ్మ మొక్కకు "బాగా పెరుగుతుంది లే" అని మొదట్లోనే దోసిళ్లకొద్దీ యూరియా పోసింది నేనే. నాలుగు రోజుల్లో ఆకు అంచులు కాలినట్టయ్యాయి. రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాను, తాగడానికి వేరుకు వీల్లేకుండా చేసి.

నీరు తాగేది లావు వేర్లు కావు. సన్న వేర్ల కొసల దగ్గర నూగులా ఉండే మూలకేశాలు. తడిగుడ్డలో మెంతులు మొలకెత్తించి మూడో రోజు నల్ల కాగితం మీద పెట్టి చూస్తే తెల్ల నూగు కనిపిస్తుంది. వేలితో రాస్తే పోతుంది, అంత సున్నితం. మిరప నారు గానీ పొగాకు నారు గానీ పీకి నాటగానే వాలిపోయేది ఈ నూగు తెగిపోవడం వల్ల. అందుకే సాయంత్రం పూట నాటడం, నారుమడిని ముందే తడిపి మట్టితో సహా తీయడం.

నిమ్మచెట్టు విషయంలో దీన్ని ఇలా వాడుకోండి. మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ అంచు ఎక్కడ పడుతుందో చూడండి. సన్న వేర్లు ఎక్కువగా ఉండేది ఆ చుట్టుపక్కలే. ఎరువైనా నీరైనా అక్కడే. మొదలు చుట్టూ చిన్న మట్టికట్ట, దానికి బయట పెద్ద కట్ట వేసి, రెండింటి మధ్యే నీళ్లు పారించండి. మాను మొదలు తడవకపోతే బంక కారే తెగులు బెడద కూడా తగ్గుతుంది. డ్రిప్ ఉంటే చెట్టు పెరిగే కొద్దీ డ్రిప్పర్లను బయటికి జరపాలి. నాటిన రోజున పెట్టిన చోటే పదేళ్లయినా ఉంచే తోటలు చాలా చూశాను.

నవంబర్ తుపాను వానలకు చేను జాలు పట్టినప్పుడు నీళ్లలో నిలబడే మిరప వాడిపోతుంది. వేరుకు ఊపిరాడకపోతే తాగే పని ఆగిపోతుంది. అప్పుడు చేయాల్సింది ఒక్కటే, కాలవ తీసి నీరు బయటికి పంపడం. మందు కొట్టడం తర్వాత సంగతి.

నాలుగో పని: పొద్దున్నే వరి నారుమడికి పోవడం

ఇది ఐదు నిమిషాల పని. రబీ నారు పోసిన రోజుల్లో ఎండ రాకముందు మడి గట్టున కూర్చోండి. ప్రతి ఆకు కొసనా ఒక్కో బొట్టు నిలబడి ఉంటుంది, గుచ్చినట్టు వరసగా. మంచు అనుకుంటాం. మంచైతే ఆకంతా పరుచుకోవాలి, గడ్డిపరక మీదా గట్టు మీదా పడాలి. ఈ బొట్టు కొసనే ఉంది. వేలితో తీసేసి కాసేపు ఆగండి, అక్కడే మళ్లీ ఊరుతుంది.

రాత్రి పత్రరంధ్రాలు మూసుకుంటాయి, లాగుడు ఉండదు. వేరు మాత్రం లవణాలు లోపలికి తీసుకుంటూ ఉంటుంది, వాటితోపాటు నీరు చేరి కింది నుంచి ఒత్తిడి పుడుతుంది. అదే బొట్టయి కారుతుంది. పొట్టి మొక్కల్లో ఈ వేరు పీడనం కొంత సాయం చేస్తుంది, పగలు గొట్టాల్లో ఎక్కడైనా గాలి పడితే నింపడానికీ పనికొస్తుంది. తాటిచెట్టు తలకు నీరెక్కించే సత్తువ మాత్రం దానికి లేదు.

ఐదో పని: తిండి గొట్టాన్ని పట్టుకోవడం

దీనికి కత్తి అక్కర్లేదు, ఊళ్లో తిరగండి చాలు. పెరట్లో వేపచెట్టుకో మునగచెట్టుకో ఏళ్ల తరబడి బట్టల తీగ కట్టి వదిలేసినది చూడండి. తీగ బెరడులోకి దిగిపోయి ఉంటుంది. ఉబ్బు ఎక్కడుంది? తీగకు పైన. కింద సన్నగానే ఉంటుంది. ఆకులు పచ్చగా ఉన్నాయి కాబట్టి నీరు పైకి పోతూనే ఉందన్నమాట, దాని దారి లోపలి కర్రలో. ఆకుల నుంచి వేరుకు దిగే తిండి దారి బెరడు లోపలి పొరలో ఉంది. తీగ దాన్ని నొక్కేసింది, దిగలేక పైన పోగుపడింది. ఇటలీలో మాల్పీగీ 1670ల్లోనే బెరడు వలయంగా తీసి ఇదే ఉబ్బును చూశాడు. ఆ తీగను ఇవాళే కోసేయండి. వేరుకు తిండి అందకపోతే చెట్టు వెంటనే చావదు, నెలల తరబడి ఎండుతుంది. కారణమూ తెలియదు.

తాటిచెట్టుకు ఇలాంటి బెరడు పొర లేదు. గొట్టాల కట్టలు మానంతా చెదిరి ఉంటాయి. దాని తిండి రసాన్ని చూడాలంటే కల్లుగీత చూడాలి.

మా వైపు ఒక గీత కార్మికుడు చెట్టు దిగాక నాకు చూపించాడు. పూగెల కొసను బియ్యపు గింజ మందాన పల్చగా చెక్కుతాడు. కోసిన చోట ముందు తడి మెరుస్తుంది, తర్వాత బొట్టు, తర్వాత బొట్టు మీద బొట్టు. "రోజూ ఎందుకన్నా చెక్కడం, ఒకసారి కోస్తే సరిపోదా?" అని అడిగాను. "మూసుకుపోద్ది నాయనా, పూటకోసారి కొత్త నోరు తెరవాల" అన్నాడు. గొట్టం తెగితే మొక్క లోపలి నుంచి బిరడా వేసుకుంటుందని పుస్తకాలు చెప్పే సంగతి ఆయన మాటలో అది. కుండకు లోపల సున్నం పూస్తే పులవకుండా తీపిగా ఉంటుంది. ఆ రసంలో నూటికి 10 పాళ్ల పైనే చక్కెర. పూగెలకు, కాయకు పోవాల్సిన తిండిని దారిలో పట్టుకుంటున్నాం.

ఆ తిండి రసం ఎలా నడుస్తుందో 1930లో జర్మనీ శాస్త్రవేత్త మ్యూంక్ చెప్పాడు. ఆకు దగ్గర గొట్టంలోకి చక్కెర ఎక్కుతుంది. చక్కెర ఉన్నచోటికి నీరు వచ్చి చేరుతుంది, అంటే మళ్లీ మాగాయ సూత్రమే. ఒత్తిడి పెరుగుతుంది. కాయో వేరో చక్కెరను దించుకునే చోట ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి, గంటకు సుమారు ఒక మీటరు వేగంతో నడుస్తుంది. కిందికే అని లేదు, పైకీ పోతుంది.

పేనుబంక దీన్ని మనకన్నా ముందే కనిపెట్టింది. సూదిలాంటి నోటిని సరిగ్గా తిండి గొట్టంలో దించుతుంది, ఒత్తిడికి రసం దానంతటదే కడుపులోకి వస్తుంది. ఎక్కువైన చక్కెరను వెనక నుంచి వదిలేస్తుంది. ఆకులు జిగటగా మెరవడం, చీమలు బారులు తీరడం, తర్వాత నల్లటి మసి పట్టడం అంతా దాని వల్లే.

ఆరో పని: ఆకు పసుపును చదవడం

తోటలో అన్నిటికన్నా డబ్బు మిగిల్చేది ఇదే. నత్రజని, పొటాష్, మెగ్నీషియం తిండి గొట్టాల్లో తిరగగలవు. కొరత వస్తే మొక్క ముసలి ఆకుల నుంచి తీసి చిగురుకు పంపుతుంది. కాబట్టి కింది ఆకులు ముందు పండుతాయి. ఇనుము, సున్నపు పోషకం కాల్షియం ఒకసారి ఆకులో దిగాక కదలవు. జింకుదీ దాదాపు అంతే. వాటి కొరత చిగురులో కనిపిస్తుంది: నిమ్మలో ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా, ఆకు చిన్నదిగా. చిగురు పాలిపోతే యూరియా దిమ్మరించడం దండగ. కొత్త ఆకు మీద సూక్ష్మపోషకాలు పిచికారీ చేయించాలి, మోతాదు ఉద్యాన అధికారిని అడిగి. సున్నపు నేలల్లో ఇనుము ఉన్నా వేరుకు చిక్కదు, అందుకే ఆకు మీదుగా ఇవ్వడం.

కాల్షియం నీటితోపాటే పోతుంది, ఆవిరి ఎక్కువగా ఉన్నచోటికే పోతుంది. టమాటా కాయ ఆకంత నీటిని లాగలేదు. తడి ఒకరోజు ఎక్కువ, నాలుగు రోజులు లేకుండా చేస్తే కాయ అడుగున నల్లమచ్చ పడుతుంది. వేరుశనగలో ఇంకా విచిత్రం. కాయ మట్టిలో ఉంది, దానికి ఎండే లేదు, కాబట్టి లాగుడూ లేదు. అందుకే ఊడలు దిగే దశలో కాల్షియం ఉండే జిప్సం ఎకరాకు 200 కిలోలు మొక్క మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోస్తారు. కాయ తనకు కావాల్సింది చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకుంటుంది. వేరుకు అందేలా వేశాం కదా అంటే తాలుకాయలే.

కందుకూరు వైపు పొగాకులో తలలు తుంచి, పిలకలు తీసేదీ ఈ లెక్కే. పువ్వు, పిలక తినేసే తిండి ఆకుకు మిగులుతుంది.

ఏడో పని: రెండు గొట్టాలనూ వాడుకుని అంటు కట్టడం

గాలి అంటులో ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకే కొమ్మ మీద కనిపిస్తాయి. వానాకాలంలో దానిమ్మ గానీ నిమ్మ గానీ, పెన్సిల్ మందం ఉన్న ఏడాది కొమ్మ ఎంచుకోండి. ఒక అంగుళం వెడల్పున బెరడును ఉంగరంలా తీసేయండి. కింద తెల్ల కర్ర మీద జారుడుగా ఉండే పొరను కత్తి మొద్దు వైపుతో గీకండి. అది మిగిలితే బెరడు మళ్లీ అతుక్కుంటుంది, వేరు రాదు. తడిపి పిండిన నాచునో కొబ్బరి పొట్టునో గాయం చుట్టూ గుప్పెడు పెట్టి, పాలిథిన్ చుట్టి రెండు కొసలూ బిగించండి. లోపలి కర్ర గుండా నీరు పైకి పోతుంది కాబట్టి ఆకులు వాడవు. పైనుంచి దిగే తిండి గాయం పై అంచున ఆగి అక్కడే వేర్లవుతుంది. ఒకటిన్నర, రెండు నెలల్లో కవర్ లోపల తెల్ల వేర్లు కనిపిస్తాయి.

ఆ వేర్లకు ముదురు గోధుమ రంగు వచ్చాక కొమ్మను ఉంగరానికి కింద కోయండి. పాలిథిన్ తీసి, నాచు కదపకుండా కుండీలో నాటి, నీడలో పెట్టండి. నాటే ముందు ఆకులు సగం తీసేయండి. ఆ చిన్న వేర్లు అన్ని ఆకుల లాగుడుకు నీళ్లు అందించలేవు.